పెళ్ళిపాట రెండో పేజీ

నా పెళ్ళికి పాట నాన్న రాశారు. ఆయన తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. తిరువూరు బస్సుల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఆయన్ని చూసి లేచి సీటు ఇస్తారు. చర్చిలో ఎవరింట్లో పెళ్ళయినా రెండు చరణాలు రాసిపెట్టమని మా ఇంటికి వస్తారు. నా విషయంలో మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు. ప్రధానం అయిన వారంలోనే పల్లవి, మూడు చరణాలు రాసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. మా చర్చిల్లో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటాం.

"బాణీ నువ్వే కట్టుకో," అన్నారు.

నేను ఇక్కడి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను. విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఉండే ఒక సిస్టర్ నాకు పియానోతో పాటు అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి కూడా నేర్పింది. తర్వాత ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లో వేసుకున్నాను. గీతల మీద స్వరాలు పెట్టి, వాటి కింద పాట మాటలు టైపు చేస్తే అచ్చు పుస్తకంలా పేజీ తయారవుతుంది. మా చర్చి పాటల బృందంలో ఆ గీతలు చదవడం వచ్చినవాళ్ళు నాతో కలిపి ముగ్గురే. మిగతావాళ్ళకు ఆ పేజీ చూడ్డానికి బాగుంటుంది, అంతే. చూడ్డానికి బాగుండే పేజీ చేతిలో ఉంటే వాళ్ళు నిటారుగా నిలబడి పాడతారు. అందుకని నేను ప్రతి పండగకీ చేస్తూ వచ్చాను.

ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు మాటలు పెట్టుకోవడానికి తయారైంది కాదు. మొదట్లో మాటల స్థానంలో ఖాళీ డబ్బాలు వచ్చేవి. ఫాంటు మారిస్తే అక్షరాలు వచ్చాయి గానీ వత్తులు కిందికి వేలాడి రెండో చరణం తలకట్ల మీద పడేవి. వరసల మధ్య జాగా పెంచితే పాట మూడు పేజీలకు పాకేది. ఒక్కో అక్షరాన్ని ఒక్కో స్వరం కింద కూర్చోబెట్టాలి. 'నీ కృపలో మా యింటి దీపము' అనే పల్లవిని కృ దగ్గర, దీ దగ్గర విడగొట్టి గీతలు పెడుతుంటే నాన్న వెనక నిలబడి, "మాటని అలా ముక్కలు చేస్తే అర్థం ఏమైపోతుంది?" అనేవారు. "పాడితే అతుక్కుంటుంది నాన్నా," అనేదాన్ని.

నా పెళ్ళిపాట పేజీ మీద నేను చాలా సాయంత్రాలు కూర్చున్నాను. పైన పాట పేరు, దాని కింద మా ఇద్దరి పేర్లు, చుట్టూ గులాబీల తీగ. గులాబీలు మరీ కొట్టొచ్చినట్టున్నాయని రంగు తగ్గించాను. చరణాల అంకెలు వేరే ఫాంటులో పెట్టాను. పాట చివర, గాయకులు నిలపాల్సిన స్వరం మీద ఉండే కన్ను లాంటి గుర్తుని కాస్త పెద్దది చేశాను. నేనంతకు ముందు ఏ పేజీకీ అంత చేయలేదు.

అబ్బాయివాళ్ళది ఖమ్మం వైపు. హైదరాబాదులో ఉద్యోగం. మంచివాడు. ఆ మాట ఇప్పుడు కూడా అనగలను. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవారు చెప్పండి అని. రెండో ప్రకటన అయ్యాక, ఆ వారం మధ్యలో ఒకరోజు అతను ఫోన్ చేశాడు. నేను స్కూలు నుంచి వచ్చి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను.

"నన్ను క్షమించండి. నాకు ఈ పెళ్ళి మీద మనసు నిలవట్లేదు. మీలో లోపం ఏమీ లేదండి," అన్నాడు.

"మీ ఇంట్లో చెప్పారా?" అని అడిగాను.

"ఇంకా లేదు."

"చెప్పండి. తర్వాత మా నాన్నకి ఫోన్ చేయండి," అన్నాను.

ఫోన్ పెట్టేసి మిగిలిన పేపర్లు దిద్దాను. వాటిలో ఒకమ్మాయి చుట్టుకొలత అడిగితే వైశాల్యం కట్టింది. దాని పక్కన ఎర్ర ఇంకుతో సరైన సూత్రం రాశాను. 

ఆ ఆదివారం మూడో ప్రకటన చదవలేదు. పాస్టరు అయ్యగారు ఇతర ప్రకటనలు చదివి, నోట్లోంచి మాట రాబోతూ ఆగినట్టు ఒక్క క్షణం ఆగి, కానుకల పాటకి పేజీ నంబరు చెప్పారు. నేను కీబోర్డు దగ్గరే ఉన్నాను. సంఘంలో ఎవరెవరు నావైపు చూశారో తెలియదు, నేను తల ఎత్తలేదు. పాట ఎత్తుకున్నాను. మామూలు శ్రుతిలోనే ఎత్తుకున్నానని తర్వాత అమ్మ చెప్పింది, అదేదో గొప్ప సంగతి అన్నట్టు.

అమ్మ ఏడ్చింది. పక్కింటి ఆంటీ ఏడ్చింది. మా స్కూల్లో హిందీ టీచరు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వాళ్ళకి మంచినీళ్ళు నేనే ఇచ్చాను. రాత్రిళ్ళు పడుకోగానే నిద్ర పట్టేది. అన్నం తినేదాన్ని. ఏం కూర అని ఎవరైనా అడిగితే మాత్రం వెంటనే చెప్పలేకపోయేదాన్ని. పిల్లలకి బీజగణితం చెబుతూ బోర్డు మీద రాసింది మళ్ళీ చూసుకుంటే తప్పులేమీ ఉండేవి కావు. అందుకే నాకేమీ కాలేదనుకున్నాను.

వానలు పడ్డాయి. పత్తి తీతలు మొదలై, ట్రాక్టర్లు మా వీధిలోంచి దూది రాల్చుకుంటూ వెళ్ళే రోజులు వచ్చాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారు నన్ను చర్చి పక్క వరండాలోకి పిలిచారు. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారనే పిలుస్తాం.

"ఎ.కొండూరు వైపు నుంచి వస్తుందే, నర్సుగా చేసే అమ్మాయి, ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అప్పట్లో మీరు పాటల ప్రాక్టీసు చేస్తుంటే విందట. ఆ పాటే కావాలంటుంది. ఆ కాగితం కూడా అలాగే ఉండాలంటుంది," అన్నారు. మళ్ళీ తనే, "నువ్వు వద్దంటే వద్దమ్మా. నేను చెప్పేస్తాను," అన్నారు.

వద్దనడానికి కారణం కోసం లోపల వెతుక్కున్నాను. దొరకలేదు.

"సరే అమ్మగారూ. నాన్నని ఒకసారి అడుగుతాను," అన్నాను.

నాన్న పేపరు చదువుతున్నారు. చెబితే పేపరు దించకుండానే, "పాట ఏం తప్పు చేసింది? పాడుకోనీ," అన్నారు. పేపరు మాత్రం ఆ తర్వాత చాలాసేపు పేజీ తిరగలేదు.

ఆ అమ్మాయి ఒక సాయంత్రం డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చింది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని, మీరు అని పిలిచింది. వాళ్ళ నాన్న రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలో పనిచేస్తాడు. నేను ఫైలు తెరిచాను. అంతకు ముందు రోజే పైనున్న పేర్లు చెరిపి, వాళ్ళ పేర్లు టైపు చేసి పెట్టాను, ఆ అమ్మాయి కంటపడకూడదని.

"గులాబీలు బాగున్నాయి. కానీ నాకు మామిడి కావాలక్కా," అంది.

"మామిడికాయలా?"

"కాదు, పూత. ఆకుల మధ్య పూత. కాయలు పెడితే జ్యూస్ షాపు బోర్డులా ఉంటుంది."

అమ్మ టీ తెచ్చి ఇస్తూ, "చర్చిలో మామిడాకులంటే ఎవరైనా ఏమైనా అంటారేమోనమ్మా," అంది.

"మా నాన్న పనిచేసే చెట్టండీ అది. అంటే నేను చెప్పుకుంటాను," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

సాఫ్ట్‌వేర్‌లో మామిడి పూత ఎక్కడుంటుంది? ఆ అమ్మాయే తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో వేసింది. చెయ్యి తిరిగినదేమీ కాదు, ఆకులు కాస్త బండగా వచ్చాయి. దాన్ని ఫోన్లో ఫోటో తీసి, వెనక తెలుపు తీసేసి, మొదటి పేజీ చుట్టూ అంచుగా పేర్చాను. పైకి పోయే కొమ్మ, దాన్నే తిప్పి కిందికి వచ్చే కొమ్మ. ఆకు కొస పాట పేరులోని ఒక దీర్ఘానికి తగులుతుంటే పేరుని కొద్దిగా కిందికి దించాను. వాళ్ళ పేర్లు పొడుగు, అక్షరాల సైజు తగ్గించాను. అబ్బాయి పేరు పక్కన చదువు కూడా పెట్టమని వాళ్ళవాళ్ళు కబురు చేస్తే అదీ పెట్టాను.

ఆ పని నాకు సుఖంగా ఉండేది. సుఖం అంటే సంతోషం కాదు. ఆ చిన్న కిటికీలు తెరుచుకుని నన్ను చిన్న ప్రశ్నలే అడిగేవి. ఎడమకా, మధ్యకా, కుడికా. లావు అక్షరమా, మామూలు అక్షరమా. ఎంత సైజు. పైన ఎంత జాగా వదలాలి. అప్పట్లో ఇంట్లోవాళ్ళు నన్ను ఏమీ అడగలేక, నా ముఖం చూసి తల తిప్పుకునేవాళ్ళు. లాప్‌టాప్ అలా కాదు. దానికి సమాధానం చెప్పగలిగేదాన్ని. ఎన్నో సాయంత్రాలు రెండో పేజీని పెద్దది చేసుకుని, మూడో చరణం కింద వత్తులు తగలకుండా వరసలు సర్దుతూ కూర్చున్నాను.

ఫైలు బస్టాండు దగ్గర ప్రింటింగ్ షాపుకి పంపాను. వాళ్ళు అచ్చు వేసి నేరుగా పెళ్ళివారికే ఇచ్చారు.

పెళ్ళికి ముందు రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఆటోలో వచ్చింది. చేతులకి గోరింటాకు పండి ఉంది. ఒళ్ళో కాగితాల కట్ట.

"అక్కా, ఇందులో ఏదో పొరపాటు పడినట్టుంది. మిమ్మల్ని అడుగుదామని వచ్చాను," అని రెండో పేజీ తీసి నా చేతికి ఇచ్చింది. ఎక్కడ పొరపాటో వేలు పెట్టి చూపించలేదు.

పేజీ పైన, మధ్యలో, చిన్న అక్షరాలతో నా పేరు ఉంది. తర్వాత వెడ్స్ అని ఉంది. తర్వాత అతని పేరు.

ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. మొదటి పేజీ మీద ఉండే పేర్లు వేరు, తర్వాతి పేజీల తల మీద వచ్చే పేర్లు వేరు. రెండోవి పేజీ మీద నొక్కితే మారవు, లోపల సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చాలి. అప్పుడెప్పుడో సరదాపడి అక్కడ టైపు చేసింది నేనే. అది అర్థమైంది గానీ ఇంకోటి కాలేదు. ఆ పేజీని నేను అన్ని సాయంత్రాలు చూశాను. కళ్ళ ముందు పెద్దది చేసుకుని మరీ చూశాను. వత్తులు కనిపించాయి, మా పేర్లు కనిపించలేదు.

"ఎవరైనా చూశారా?" అని అడిగాను.

"నేనూ మా నాన్నా. నాన్నకి చదవడం రాదు," అంది.

"నువ్వు నన్ను కోప్పడొచ్చు."

"కోపం ఎందుకక్కా? ముందు మీ పాటే కదా."

షాపుకి ఫోన్ చేస్తే యజమాని ఏదో పెళ్ళికి నూజివీడు వెళ్ళాడు, షాపు మూసి ఉంది. పెళ్ళిళ్ళ సీజను. కాగితాలు ఇంకా పిన్ను కొట్టలేదు కాబట్టి రెండో పేజీ పైభాగాన్ని కోసేద్దామని నాన్న అన్నారు. ఆ పేజీకి పూత అంచు లేదు, కోస్తే పొట్టిగా అవుతుంది తప్ప చెడదు. వరండాలో చాప పరిచి కూర్చున్నాం. స్టీలు స్కేలు ఆనించి నాన్న బ్లేడుతో గీస్తుంటే, నేనూ అమ్మా కత్తెరలతో కోశాం. పెళ్ళికూతుర్ని వద్దంటే వినలేదు. కోసినవాటిని అంచులు కలిపి, మొదటి పేజీలకి జతచేసి పిన్నులు కొట్టింది.

కాగితం ముక్కలు చాప మీద పోగుపడ్డాయి. ప్రతి ముక్క మీదా మా ఇద్దరి పేర్లే. కొన్ని బోర్లా పడ్డాయి, కొన్ని వెల్లకిలా. నేను నా పేరునే చూస్తూ కోశాను. అక్షరాలు కాస్త ఎడంగా ఉండాల్సింది అనుకున్నాను.

కొంతసేపటికి నాన్న బ్లేడు కింద పెట్టి, పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పారు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. చివరికి అమ్మ లేచి వెళ్ళింది. కొళాయి ఆగిన చప్పుడైంది గానీ ఇద్దరూ వెంటనే రాలేదు.

వరండాలో మేమిద్దరమే మిగిలాం. ఆ అమ్మాయి తల ఎత్తకుండా పిన్ను కొడుతూ అడిగింది.

"ఆయన మళ్ళీ ఫోన్ చేశారా అక్కా?"

"లేదు."

"మీరు?"

"చేయలేదు."

"ఏడ్చారా?"

"ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. అందరూ నా గురించి భయపడుతున్నారు గానీ నాకు బాగానే ఉంది."

ఆమె ఇంకో జత తీసి అంచులు కలిపింది. "మా వార్డులో కొంతమంది అలాగే ఉంటారక్కా. ఏం అడిగినా బాగానే ఉందంటారు. వాళ్ళ దగ్గరికే మాటిమాటికీ వెళ్ళి చూసి రమ్మంటుంది మా హెడ్ నర్సు," అంది. ఆ జతకి పిన్ను కొట్టింది. నేను ఇంకో కాగితం తీసి కోశాను.

అంతా అయ్యాక అమ్మ చీపురు తెచ్చి ముక్కలన్నీ ఊడ్చి చేటలోకి ఎత్తింది. పెరట్లో నీళ్ళ పొయ్యిలో వేసిందో, చెత్త బండికి ఇచ్చిందో నేను అడగలేదు. ఆ అమ్మాయి కట్ట తీసుకుని ఆటో ఎక్కుతూ, "రేపు కాస్త ముందే రండక్కా. నాకు భయంగా ఉంది," అంది. భయం అన్న మాట ఆమె నోట అంత తేలిగ్గా రావడం చూసి నాకు కొంచెం ఆశ్చర్యమేసింది.

పెళ్ళికి ముందే వెళ్ళాను. చర్చి నిండిపోయింది. వాళ్ళ నాన్న తెల్ల చొక్కా తొడుక్కుని, కొత్త పంచె కట్టుకుని కూతురి చెయ్యి పట్టుకుని మధ్య దారిలో నడిచొచ్చాడు. ఒక చేతిలో పాట కాగితం మడవకుండా పట్టుకున్నాడు. ముందు వరసలో కూర్చున్నాక దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని, అంచు మీదున్న ఆకుల్ని వేలితో తడిమి చూశాడు. మామిడాకుల గురించి ఎవరూ ఏమీ అనలేదు. నా వెనక ఒకావిడ మాత్రం పక్కావిడతో, "రెండో కాగితం పొట్టిగా ఉందేంటి?" అంది. "డిజైనేమో," అంది పక్కావిడ.

ప్రమాణాలు అయ్యాక పాట పాడారు. నేను వాయించాను. పల్లవి బాగా వచ్చింది. రెండో చరణంలో ఆడవాళ్ళు ఒక చోట తొందరపడ్డారు. మూడో చరణం దగ్గర పేజీ తిప్పిన చప్పుడు చర్చంతా ఒకేసారి వినిపించింది. నాన్న రాసిన ఆ మాటలు నాకోసం రాసినవి. వాటిని ఇంకొకరి కోసం పాడుతుంటే విన్నాను. ఛాతీలో ఏమైనా కదులుతుందేమోనని ఎదురు చూస్తూనే వేళ్ళు నడిపాను. పాట అయిపోయింది. చివరి స్వరం మీద అందరూ నేను పెద్దది చేసిన ఆ కన్ను గుర్తు చూసి నిలిచారు. పెళ్ళికూతురు నావైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. భోజనాల్లో బిర్యానీ వడ్డించారు, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఆ పెళ్ళి తర్వాత చుట్టుపక్కల చర్చిల నుంచి నన్ను అడగడం మొదలుపెట్టారు. ఒకరికి శిలువ కావాలి, ఒకరికి పావురాలు, ఒకరికి పెళ్ళికొడుకు ఫోటో పేజీ మధ్యలో నీడలా కావాలి. స్వరాల మీద ముఖం పడితే చదవలేరండీ అని చెబితే, చదివేవాళ్ళు ఎవరున్నారండీ అన్నారు. చేసి ఇచ్చాను. ఇప్పుడు పేజీల తల మీద ఏముందో ముందు చూసుకుంటాను.

ఈస్టరుకి ముందు వచ్చే మట్టలాదివారానికి నాన్న కొత్త పాట రాశారు. చాలా నెలల తర్వాత రాసిన పాట. నేను స్వరాలు పెట్టి, మాటలు కూర్చి, ప్రింటు తీసి ఆయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూశారు.

"మాటలు చీమల్లా ఉన్నాయి. నీ గీతలేమో ఏనుగుల్లా ఉన్నాయి. జనం చదివేది మాటలే కదా. వాటిని పెంచి, గీతల్ని తగ్గించు," అన్నారు.

"తగ్గిస్తే స్వరాలు కనిపించవు నాన్నా."

"కనిపించకపోతే ఏం? నీకు రానే వచ్చు. రెండో చరణంలో ఆ దీర్ఘం కూడా తీసెయ్యి. దాని మీద అంతసేపు నిలబడితే మాట విరిగిపోతుంది."

"దీర్ఘం తీస్తే బాణీ పోతుంది."

"బాణీ కోసం మాటని చంపుతావా?"

"మీ మాటల కోసం అన్ని వారాలు కూర్చుని ఒక్కో అక్షరాన్ని అతికించింది నేను నాన్నా. మీకు కనిపించేది సైజు ఒక్కటే," అన్నాను.

నా గొంతు పెద్దదైంది. ముఖం వేడెక్కడం నాకే తెలిసింది. ఆయన చేతిలోంచి లాక్కున్న ప్రింటు కాగితం నా పిడికిట్లో నలిగిపోయింది. అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. మధ్యలోకి రాలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

నాన్న కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"సరే, ఎంత పెడతావో పెట్టు. దీర్ఘం కూడా ఉంచుకో," అన్నారు.

నాకు కోపం ఇంకా తగ్గలేదు. లాప్‌టాప్ తెరిచి మాటల సైజు పెంచాను, గీతల్ని మాత్రం తగ్గించలేదు. పాట మూడో పేజీకి వెళ్ళింది. వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను.